గీత బయట నిలిచిన ఆడచెట్లు

నాకు కోపం తెప్పించిన మాటలను తేదీ వేసి రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరైన తర్వాత కూడా ఇది మానలేదు. మానవలసిన అవసరాన్ని ఈ లోకం నాకు కల్పించలేదు. డెబ్బైల చివరి సంవత్సరాల నాటి పుస్తకంలో ఒక పేజీ తలకట్టున "గొడ్డు" అనే మాట ఒక్కటే రాసి, దాని కింద రెండు గీతలు కొట్టి ఉంది. ఆ మాటను ఎవరూ మనిషిని ఉద్దేశించి అనలేదు. చెట్లను ఉద్దేశించి అన్నారు. అన్నవాడు దుర్మార్గుడూ కాడు. అయినా ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఒక కొండవాలు వాలంతా గొడ్డలికి అప్పగించే ఏర్పాటు జరిగిపోయింది. ఈమధ్య ఒక సభలో ఎవరో, మన కొండల్లో రక్షిత ప్రాంతాల సరిహద్దులన్నీ ఆఫీసు బల్లల మీద స్కేలు పెట్టి గీసినవేనని తేలిగ్గా అనేశారు. కనీసం ఒక సరిహద్దు విషయంలో అది అబద్ధం. ఆ గీత గీసినప్పుడు నేను అక్కడ ఉన్నాను, ఎండలో ఉన్నాను, అంత సంతోషంగా నా ఉద్యోగ జీవితంలో మరెప్పుడూ లేను.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. భాద్రపద మాసంలో ఒక మధ్యాహ్నం రేంజరు ఒకాయన చుట్టచుట్టిన మ్యాపును చంకలో పెట్టుకుని మా స్టాఫ్‌ రూముకు వచ్చాడు. మనిషి పొట్టి, గట్టి. ఖాకీ చొక్కా జేబులో ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు. పుట్టింది పీలేరు పక్కన పల్లె అని తర్వాత తెలిసింది. వచ్చిన పని ఏమిటంటే, మన కొండల్లో పేరీత అనే చెట్టు ఉంది. చూడడానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గాని ఈత జాతి కాదు. మనిషి నడుమెత్తు మాను, నెత్తిన ఆకుల గొడుగు. శేషాచలం మొదలుకొని కడప వైపు సాగే ఈ కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా అది తనంతట తాను మొలవదు. దాని కోసం కొంత నేలను విడిగా కాపాడాలని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. ఎక్కడ, ఎంత, ఏ ఆకారంలో అన్న ప్లాను వేయడం ఈయన వంతు. ప్లాను మీద వృక్షశాస్త్రం తెలిసినవారి సంతకం ఒకటి కావాలి.

"లాటిన్ పేరు సరిగ్గా రాసినామా లేదా చూసి, ఈ కింద ఒక సంతకం పెడితే సాలు మేడమ్. రేపే సిత్తూరికి పంపించేస్తా," అంటూ బల్ల మీద మ్యాపు పరిచాడు.

ఆయన పనితనం మెచ్చుకోదగ్గది. కొండ నెత్తి, వాలు, వంక, బండి దారి, అన్నీ శుభ్రంగా గీశాడు. కొండ నెత్తి చుట్టూ గుండ్రంగా నీలం గీత. ఆ గీత లోపల ఎర్ర చుక్కలు దట్టంగా ఉన్నాయి. గీత బయట, తూర్పు వాలు పొడుగునా, చుక్కలకు బదులు ఖాళీ సున్నాలు ఉన్నాయి.

"ఈ ఎర్ర చుక్కలేమిటి?" అని అడిగాను.

"కాయ పట్టే చెట్లు మేడమ్. ఎండాకాలమంతా తిరిగి ఒక్కొక్కదాన్నీ కండ్లతో సూసి పెట్టిన చుక్కలవి."

"ఈ సున్నాలు?"

"అవా. గొడ్డు చెట్లు. కాయా లేదు, పువ్వూ లేదు. వాటిని బయటికి ఇడిసిపెట్టినాము. ఆ వాలంతా జామాయిల్ ప్లాంటేషనుకు ఇచ్చేసినారు. గుంతలు కూడా తవ్వతా ఉండారు."

"కాయ ఎట్లుంటుంది?"

ఆయన రెండు చేతులూ ఎత్తి, మూరెడు ఎడంలో నిలువుగా పట్టి చూపబోయాడు. అంతలో తానున్నది ఆడవాళ్ళ స్టాఫ్‌ రూములో అని గుర్తొచ్చినట్టుంది. చేతులు దించి, ఒడిలో ఉన్న టోపీని సర్దుకున్నాడు.

నాకు అర్థమైపోయింది. ఈ చెట్ల వంశంలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. నెత్తిన అనాసపండులా నిటారుగా లేచే ఆ కంకి కాయ కాదు, పండు కాదు. అది మగచెట్టు కంకి. అందులో పుప్పొడి తప్ప మరేమీ ఉండదు. ఆడచెట్టు అట్లా ఏదీ ఎత్తి చూపదు. ఆకుల మధ్య నూగు రేకులు వేసి, వాటి అంచులకు గింజలు పట్టించుకుని గుట్టుగా ఉంటుంది. దూరం నుంచి చూసేవాడికి ఏమీ లేనట్టే కనిపిస్తుంది.

"రేంజరు గారూ, మీరు బ్రహ్మచారుల సత్రానికి ప్రహరీ కట్టినారు," అన్నాను. "లోపలున్నవన్నీ మగచెట్లు. గింజ పట్టేవేవన్నా ఉంటే, అవి మీరు గొడ్డు అని బయట వదిలిన వాటిలో ఉండాలి."

ఆయన ముఖం ఎర్రబడింది. "తాటిచెట్టులో కాయ పట్టేది ఆడది, పట్టనిది పోతు. ఈ లెక్క పుట్టినప్పటినుంచీ సూస్తా ఉండాము మేడమ్."

"అది తాటిచెట్టు లెక్క. ఇది వేరే లెక్క."

"ఇట్లాంటి సంగతులు మీ ప్రిన్సిపాల్ సారుతో మాట్లాడతాలెండి."

"మాకు సారు లేడు. ప్రిన్సిపాలమ్మ ఉండాది. పిలవమంటారా?"

ఆయన మ్యాపు చుట్టబోయాడు. నేను దాని మీద చెయ్యి పెట్టాను. చెట్లను చూడకుండా సంతకం చెయ్యనన్నాను. ఆడవాళ్ళు అడవికి ఎట్లా వస్తారన్నాడు. సంతకం మాత్రం ఆడమనిషిది పనికొస్తుందా అన్నాను. చివరికి ఆయన, ఎవరైనా పెద్దవాళ్ళు తోడు వచ్చేటట్టయితే ఆదివారం జీపు తెస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రే "గొడ్డు" అన్న మాట పుస్తకంలోకి ఎక్కింది. కోపం ఒక పాలైతే ఉత్సాహం మూడు పాళ్ళు. ఎందుకంటే గింజ పట్టిన పేరీత ఆడచెట్టును అప్పటికి మా కాలేజీలో ఎవరూ కళ్ళతో చూడలేదు. పాఠ్యపుస్తకంలో ఉన్న బొమ్మ కూడా దాని దూరపు చుట్టానిది. ఆ వాలు మీద అవి నిజంగా ఉంటే, కార్తీకపు వానలు మొదలై జామాయిల్ మొక్కలు నాటేలోపల వాటిని గీత లోపలికి తేవాలి. లేకుంటే మన కొండ మీద పేరీత మగచెట్లతోనే ముగిసిపోతుంది.

తోడు వచ్చే పెద్దమనిషి మా నాయనే. గుడి కొలువులో పనిచేసి రిటైరైన మనిషి. నుదుట నామం, భుజాన ఉత్తరీయం లేకుండా వీధిలోకి అడుగుపెట్టేవాడు కాదు. చెట్లలో ఆడా మగా ఏమిటని మొదట కొట్టిపారేశాడు.

"పెరట్లో కాయని బొప్పాయిని పోతుదని కొట్టేయించింది ఎవురు నాయనా?" అన్నాను.

"అది బొప్పాయిలే," అన్నాడు. అంటూనే, "ఆ కంకి అంగట్లో దొరుకుతుంది, ముందు అది సూద్దాం పా," అని చెప్పులు తొడుక్కున్నాడు.

కొండకు పోయే దారి మొదట్లో మూలికల అంగడి ఒకటి ఉండేది. దాన్ని నడిపే ఆమె సత్యవేడు దిక్కు నుంచి వచ్చి స్థిరపడింది. మాటలో సగం అరవం. చూరుకు పేరీత కంకులు దారానికి కట్టి వేలాడుతున్నాయి. ఒకటి దింపమని, అందులో గింజ ఉంటుందా అని అడిగాను.

"గింజా? ఇంద, ఒడిచి సూడు అమ్మణ్ణీ. పొడి తప్ప ఏముండాది దీంట్లో," అంటూ ఆమె ఎండిన పొలుసు ఒకటి విరిచింది. పసుప్పచ్చని దుమ్ము నా వేళ్ళకు అంటింది. ఇంక అనుమానం లేదు.

"ఆకుల నడుమ కాయలు పట్టే రకం ఎప్పుడన్నా తెచ్చినారా?"

"అదెవురు కొంటారు? మాకు తెచ్చేవోళ్ళు కంకి తెస్తారు, మేము కంకి అమ్ముతాము."

నాయన కంకిని చేతిలో తిప్పి చూస్తూ, ఇది ఏ రోగానికి మందు అని అడిగాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి, నాయనను కొంచెం ముందుకు రమ్మని సైగ చేసి, చెవిలో ఏదో చెప్పింది. నాయన కంకిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి ఉత్తరీయంతో చెయ్యి తుడుచుకున్నాడు.

"ఏమిటికంట నాయనా?"

"జ్ఞాపకశక్తికంట."

"అవును అమ్మణ్ణీ," అంది ఆమె, పక్కకు తిరిగి తాంబూలం ఉమ్మి. "పెద్ద వయసులో మొగోళ్ళు మరిచిపోయిన సంగతులు గుర్తుకొచ్చేదానికి."

రేంజరు చేతులు ఎందుకు దించుకున్నాడో అప్పుడు తెలిసింది. అంగడి అంతా ఎరిగిన వస్తువును గురించి చదువుకున్న మగవాళ్ళు చదువుకున్న ఆడవాళ్ళ ముందు నోరు విప్పరు. ఆ సిగ్గు మూలంగా, అడిగితే ఒక్క మాటలో తేలిపోయే సంగతి ఎండాకాలమంతా ఎవరూ అడగకుండా, ఎవరూ చెప్పకుండా దాటిపోయింది. దీనిని నేను ఈనాటికీ క్షమించలేదు. ఒక కంకిని కొని సంచిలో వేసుకున్నాను. నాయన వీధి చివరదాకా నాకు రెండడుగులు ఎడంగా నడిచాడు.

ఆదివారం పొద్దున జీపులో రేణిగుంట దాటి కడప రోడ్డు పట్టుకున్నాం. అడవి మొదట్లో దిగి, బండి దారి వెంట నడిచి, వంకలో నీళ్ళు దాటి కొండ ఎక్కాం. బోదగడ్డి నడుమెత్తు పెరిగి ఉంది. రేంజరు ముందు, నాయన మధ్య, నేను వెనక. నాయన మెట్ల దారి ఎక్కి అలవాటుపడ్డ మనిషి, ఆయాసపడింది రేంజరే.

"సామీ, మెల్లిగా పోదాం. చెట్లు యాడికీ పోవు."

"పోతాయనే కదప్పా మా పాప నన్ను ఈడికి ఈడ్చుకొచ్చింది."

కొండ నెత్తి మీద రాళ్ళు తేలిన నేల. ఎర్రచందనం చెట్లు పలచగా, వాటి సందుల్లో పేరీతలు. నేను వరసగా వెళ్ళి ప్రతి చెట్టు నెత్తీ చూశాను. కొన్నిటి మీద ఎండాకాలపు కంకి ఎండి ఇంకా నిలిచి ఉంది. కొన్నిటికి కంకి కోసుకుపోయిన మోడు మిగిలింది. అన్నీ మగవే. చూసిన చెట్టుకల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోయాను. మొదట వెనకనే తిరిగిన రేంజరు కాసేపటికి ఒక రాతి మీద కూర్చుండిపోయాడు. తన ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే తప్పు చుక్కలవుతుంటే చూడడం ఎవరికైనా కష్టమే. అయినా పంతం వదలలేదు.

"సరే మేడమ్, ఇవి మొగవే అనుకుందాం. వాలు మీద ఉండేవి ఆడవని యాడ రాసి పెట్టినారు?"

"యాడా రాసి లేదు. పోయి చూడాల."

తూర్పు వాలు మీద నేల వేరు. మన్ను మెత్తన, నీడ ఎక్కువ, రాళ్ళ సందుల్లో ఇంకా తేమ ఉంది. పేరీతలు ఇక్కడ ఏపుగా ఉన్నాయి. వాటి మధ్య వరసలు తీర్చి గుంతలు. గుంత వరసకు అడ్డం వచ్చిన పేరీతను కూలివాళ్ళు మొదలంటా పెకలించి పక్కకు దొర్లించారు. అట్లా పడి ఉన్న ఒక మాను దగ్గర నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు రెండు చేతులతో పక్కకు తీశాను. ఆకుల నడుమ గోధుమరంగు నూగు. నూగు రేకుల అంచున, నారింజ రంగు తిరుగుతూ, చిన్న నిమ్మకాయంత గింజలు.

పదేళ్ళుగా నల్లబల్ల మీద సుద్దతో గీస్తూ వచ్చిన వస్తువు, వెచ్చగా, బరువుగా, నూగుతో సహా నా అరచేతిలో ఉంది. నాయన వంగి చూసి, "ఇదేనా పాపా?" అన్నాడు. తల ఊపాను. ఆయన గింజల కోసం ఉత్తరీయం తీసి నేల మీద పరిచాడు. ఆ ఉత్తరీయాన్ని నేల మీద వెయ్యడం నేను అంతకు ముందు చూడలేదు.

రేంజరు టోపీ తీసి ఆ గింజను చాలాసేపు చూశాడు. తర్వాత పక్క చెట్టు దగ్గరికి పోయి ఆకులు విప్పాడు. తర్వాత ఇంకో చెట్టు. తర్వాత పరుగు.

"మేడమ్, ఈడ ఉండాది. ఈడ గూడా. సామీ, మీ ఎనకాల సూడండి, మీ ఎనకాల దానికీ ఉండాది."

పొట్టి మనిషి, గడ్డిలో ఖాకీ చొక్కా మునిగి తేలుతూ, గుంతల మీదుగా దూకుతూ పోతున్నాడు. నేను ఇంకో వరస పట్టుకున్నాను. మా నాయన, జీవితంలో వీధిలో వేగంగా నడవని మనిషి, పంచె ఎగ్గట్టి మూడో వరస పట్టుకున్నాడు. గింజలు లేనివి కూడా కొన్ని ఉన్నాయి. అవి వయసు రానివో, ఈ ఏడు విశ్రాంతి తీసుకున్నవో. కాని ఆ వాలు మొత్తం మీద గింజ పట్టిన చెట్టు లేని వరస లేదు. ఒకళ్ళ కేకకు ఒకళ్ళం బదులు పలుకుతూ వంకదాకా దిగిపోయాం. అక్కడ కూర్చుని నీళ్ళు తాగిన తర్వాత గాని మా ముగ్గురికీ గుంతలు గుర్తుకు రాలేదు.

"సోమవారం మొక్కల బండ్లు వస్తాయి," అన్నాడు రేంజరు. "ఈ సోమవారం కాదులే, వచ్చేది. తెచ్చి ఈడనే దించుకుంటారు. వాన పడినాక నాటేదానికి ముందు వాలంతా సాపు చేసేస్తారు. నేను ఆపలేను. గీత మారితేనే ఆగేది."

"అయితే గీత మారుద్దాం. పెన్సిలు తీయండి."

పులిహోర పొట్లాలు ఒక పక్క, మ్యాపు ఒక పక్క. బండ మీద మ్యాపు నాలుగు మూలలా రాళ్ళు పెట్టాం. అన్నాళ్ళూ పాఠంగా చెప్పిందంతా ఒక మ్యాపు మీద నేలకు దించగలగడం ఎట్లాంటి అనుభవమో నాకు ఆనాడు తెలిసింది.

రేంజరు మొదటి ఆలోచన రెండు గీతలు. కొండ నెత్తి చుట్టూ ఒకటి, వాలు చుట్టూ ఒకటి. నడుమ మిగిలిన పట్టీ జామాయిలుకు. అట్లయితే పైవాళ్ళూ సంతోషిస్తారన్నాడు. నేను ఒప్పుకోలేదు. మగచెట్ల పుప్పొడి ఆడచెట్లకు చేరాలి. గాలి మోస్తుందని అప్పట్లో మా పాఠం. పురుగులు మోస్తాయని తర్వాతి కాలంలో తెలిసింది. ఏది మోసినా, నడుమ జామాయిల్ గోడ కడితే మోసేదానికి దారి ఉండదు. "మొగోళ్ళకొక వార్డు, ఆడోళ్ళకొక వార్డు పెట్టేదానికి ఇది ఆస్పత్రి కాదు," అన్నాను. నాయన వంకలోని నీళ్ళ వైపు ముఖం తిప్పుకున్నాడు.

నాయన తన వంతుగా చతురస్రంగా ఉంటే బాగుంటుందన్నాడు. నాలుగు మూలలుంటే దిక్కులు తెలుస్తాయట, ప్రాకారానికి అందం కూడానట. మూల అంటే రెండు పక్కల నుంచి నిప్పు వచ్చే చోటని చెప్పాను. కింది పల్లెల వాళ్ళు కొత్తగడ్డి కోసం ఏటా బోదకు నిప్పు పెడతారు. ముదిరిన పేరీత ఆ మంటను తట్టుకుంటుంది. కింద రాలిన గింజ, మొలక తట్టుకోలేవు. కాబట్టి అంచు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఆ అంచు కూడా నిప్పు దాటలేని వంక వెంట, రాతి గుట్టల వెంట, బండి దారి వెంట పోవాలి. స్కేలుకు పని లేదు. నేల ఎక్కడ తనకు తానే గీత గీసిందో అక్కడ మనం పెన్సిలు పెట్టాలి.

"గడ్డి మోపులోళ్ళు?" అని అడిగాడు రేంజరు. "దారి మూస్తే వారం రోజుల్లో కంచె కట్టెలపొయ్యిలో ఉంటాది."

అది సరైన ప్రశ్న. ఉత్తరపు అంచున, పేరీతలు లేని బోద మైదానాన్ని బయటే ఉంచి, అక్కడికి మోపుల దారి తెరిచి పెట్టాం. ఆయన రబ్బరుతో తుడిచినచోటల్లా నేను చూసి మళ్ళీ గీయించాను. చివరికి వచ్చిన ఆకారానికి ఏ పేరూ లేదు. నాయన మాత్రం దాన్ని చూసి పనసకాయలా ఉందన్నాడు.

సంతకం పెట్టాను. లాటిన్ పేరులో ఒక అక్షరం కూడా దిద్దాను.

బుధవారం నేను సెలవు పెట్టి, నాయనతో కలిసి బస్సులో చిత్తూరు వెళ్ళాను. రేంజరు అప్పటికే అక్కడ వరండాలో నిలబడి ఉన్నాడు. జిల్లా ఆఫీసులో పెద్ద అధికారి నిదానస్తుడు. మ్యాపు చూసి, ఆడ మగ అన్న మాట వినగానే, ఫైళ్ళు తెచ్చిన అటెండరును బయటికి వెళ్ళమన్నాడు. నేను సంచిలోంచి కంకి తీసి బల్ల మీద పెట్టాను, దాని పక్కన గింజలు పెట్టాను. ఆయన కంకి మీద ఒక కాగితం కప్పి, గింజలను మాత్రం చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మా, మీరు చెప్పేది అర్థమయింది. కాని ఆ గుంతలు తవ్వినట్టు పైకి రాసేసినాము. గుంత అంటూ ఉంటే దాంట్లో మొక్క ఉండాల. ఖాళీ గుంతకు నేను యాడ జవాబు చెప్పాల?"

ఇంత పెద్ద కొండ, ఇంత అరుదైన చెట్టు, వాటికి ఎదురుగా ఖాళీ గుంత. నాకు కళ్ళు మండాయి. నోటిదాకా వచ్చిన మాటను నాయన దగ్గు ఆపింది. అప్పుడే ఇంకో సంగతి తట్టింది.

"మొక్క ఫలానాదే ఉండాలని రాసినారా?"

ఆయన ఫైలు తిప్పాడు. "లేదు. మొక్క అని ఉండాది."

"అయితే ఈ గింజలు నాటండి. మన్ను పూడ్చి, పైపైన నాటండి. మొలిచేది మొక్కే గదా. నీళ్ళూ నీడా మా పిల్లలు చూసుకుంటారు."

ఆయన మొట్టమొదటిసారి నవ్వాడు. రేంజరును లోపలికి పిలిచాడు. వాలంతా ఇవ్వలేనన్నాడు, బండి దారికి కిందనున్న భాగం జామాయిలుకే ఉండాలి, అది పైవాళ్ళకు చెప్పేసిన మాట. దారికి పైనున్నదంతా పేరీతకు. ఎర్ర పెన్సిలుతో మా పనసకాయ కింది అంచును కొంచెం కోసి, మార్జినులో "తూర్పు హద్దు: బండి దారి" అని రాసి సంతకం చేశాడు. సోమవారం బండ్లు వచ్చేలోపల హద్దు పాతకపోతే ఈ కాగితానికి విలువ ఉండదని కూడా చెప్పాడు.

కోసిన ముక్కకు నేను బాధపడ్డాను. కాని తిరుగు బస్సులో నాయన, రేంజరు, నేను ఒకే సీటులో ఇరుక్కుని కూర్చుని, ఊళ్ళన్నీ దాటేదాకా గుంతల గురించే మాట్లాడుకున్నాం.

హద్దు పాతడం శని, ఆదివారాలు అయినా పూర్తి కాలేదు. సోమవారం తెల్లవారేసరికి తూర్పు వైపు మిగిలింది. రేంజరు బుట్టలో ముగ్గుపిండి పట్టుకుని బండి దారి వెంట గీత పోస్తూ, వెనక మనుషులు గూటాలు కొడుతూ వచ్చారు. నేను టేపు పట్టుకున్నాను. సగం దూరం వచ్చాక నా కాళ్ళు ఆగిపోయాయి.

దారికి ఆవల, అంటే గీతకు బయట, నాలుగడుగుల ఎడంలో ఒక పేరీత. ఆ వాలు మీద మేము చూసిన వాటిలో దానంత పాతది లేదు; మాను నా ఎత్తు ఉంది. నెత్తిన గింజలు ఎన్ని ఉన్నాయంటే రేకులు బరువుకు బయటికి వాలిపోయాయి. ఆ మొదటి ఆదివారం నాడు మేము ముగ్గురం వేరే వరసల్లో దిగి దీన్ని చూడనే లేదు.

"ఇది లోపల ఉండాల," అన్నాను.

"యాడుంటాది మేడమ్? పెద్దసారు రాసింది బండి దారి. దీనికోసరం గీత వంచితే రేపు నా ఉద్యోగం వంగతాది."

"ఇది చాలా ముసలిది. ఒక్క ఏడు ఇది వేసే గింజలు..."

"నాకు తెల్దా? నేను కండ్లతో సూడలా?" అన్నాడు ఆయన. కోపంగానే అన్నాడు, ఆ కోపం నా మీద కాదు. ముగ్గుబుట్ట కింద పెట్టి, చెట్టును చూశాడు, దారిని చూశాడు, కాగితం తీసి మళ్ళీ చదివాడు. కింద పల్లె దిక్కు నుంచి ఎద్దుల మువ్వలు వినిపించాయి. మొక్కల బండ్లు వస్తున్నాయి.

"పెద్దసారు రాసింది బండి దారి కదా," అని నెమ్మదిగా అన్నాడు. "బండ్లు యాడ పోతే అదే బండి దారి."

ఆ మాట పూర్తయ్యేసరికి గూటాలు కొట్టే మనుషులు కొడవళ్ళు అందుకున్నారు. తుమ్మ కంప కొట్టి, చెట్టుకు ఈ పక్కనున్న దారికి అడ్డంగా ఈడ్చారు. ఆవలి పక్క గడ్డిని తొక్కి, రెండు రాళ్ళు దొర్లించి, బండి పట్టేంత సందు చేశారు. నేను టేపు పడేసి గడ్డి పీకాను. నాయన కంపకు అవతల నిలబడి, ముళ్ళు పంచెకు తగులుకున్నా లెక్కచెయ్యకుండా, ఎక్కడ పలచగా ఉందో చూపిస్తూ ఇంకా వెయ్యమన్నాడు.

మొదటి బండి వచ్చి కంప ముందు నిలిచింది. తోలేవాడు చర్నాకోలతో కంపను పొడిచి చూశాడు.

"ఎవురప్పా దావకు కంప ఏసినది?"

"ఆ పక్క పోనీ అబ్బా. దావ అట్ల పోతాది," అన్నాడు రేంజరు.

"నిన్న ఇట్ల ఉన్నిందే."

"నిన్న ఉన్నింది."

అతను మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు: ముగ్గు అంటిన ఖాకీ చొక్కాను, గడ్డి పట్టుకున్న నన్ను, నామం పెట్టుకుని కంపల మధ్య నిలబడ్డ నాయనను. వీళ్ళతో మాటలెందుకనుకున్నాడేమో, పగ్గం లాగి ఎద్దులను పక్కకు తిప్పాడు. అవి ఒకసారి మొరాయించి, తర్వాత దిగాయి. చక్రాలు గడ్డిని అణచుకుంటూ, చెట్టుకు ఆవల నుంచి చుట్టు తిరిగి, మళ్ళీ పాత దారిలో కలిశాయి. రెండో బండి మొదటి బండి జాడలోనే పోయింది. మూడోదీ అంతే. మెత్తటి మట్టిలో రెండు చాళ్ళు స్పష్టంగా పడ్డాయి.

చివరి బండి వెళ్ళేదాకా ఆగి, రేంజరు ముగ్గుబుట్ట ఎత్తుకున్నాడు. ఆ కొత్త చాలు పక్కనే పిండి పోసుకుంటూ, చెట్టును లోపల పెట్టి వంపు తిరిగాడు. నేను టేపు వెతికి తీసుకుని ఆయన వెనక నడిచాను.